స్పిట్‌ఫైర్ రూపశిల్పి ఆర్.జె. మిచెల్

రెండవ ప్రపంచ సంగ్రామంలోని ఆకాశయుద్ధాలను గురించి చదివేవారి దృష్టి సహజంగా వైమానికుల మీదనే నిలుస్తుంది. రెండు కాళ్లూ పోగొట్టుకొని కూడా కృత్రిమపాదాలతో విమానం నడిపిన డగ్లస్ బేడర్ వంటివారి సాహసగాథలు మన విద్యార్థులకు కొంత పరిచితమే. ఆ వీరులు ఎక్కిన విమానాన్ని ఎవరు చేశారన్న ప్రశ్న మాత్రం చాలమందికి తోచదు. ఆ చేసినవాడు యుద్ధభూమిలో అడుగుపెట్టినవాడు కాడు. యుద్ధం మొదలు కావడానికి రెండు సంవత్సరాల ముందే, నలుబదిరెండేండ్ల వయస్సులో, క్యాన్సర్ వ్యాధితో కన్నుమూశాడు. ఆయన పేరు రెజినాల్డ్ జోసెఫ్ మిచెల్. ఆయన రూపొందించిన విమానం స్పిట్‌ఫైర్. ఈ వ్యాసంలో మేము ఆయన జీవితాన్ని చెప్పదలచాము. విజయాల కంటె ఒక వైఫల్యాన్ని గురించి ఎక్కువగా ముచ్చటించబోతున్నాము. ఆయన గొప్పతనమంతా ఆ వైఫల్యం దగ్గరనే బయటపడిందని మా అభిప్రాయం.

మిచెల్ 1895 మే 20వ తేదీన ఇంగ్లండులోని స్టఫర్డ్‌షైర్ జిల్లాలో, బట్ లేన్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. ఆ ప్రాంతం కుమ్మరి పరిశ్రమకు ప్రసిద్ధి. పింగాణీ పాత్రలు కాల్చే ఆవముల పొగతో ఆకాశం నల్లబడి ఉండే ఊళ్లవి. తండ్రి హెర్బర్ట్ మిచెల్ బడిపంతులు, తరువాత ముద్రణాలయం నడిపినవాడు. అయిదుగురు సంతానంలో రెజినాల్డ్ రెండవవాడు. బాల్యంలో పావురాలను పెంచేవాడు. వెదురుబద్దలతో, కాగితంతో బొమ్మవిమానాలు చేసి ఎగురవేసేవాడు. రైట్ సోదరులు ఎగిరిన నాటికి ఆయనకు ఎనిమిదేండ్లు. అంటే విమానమూ, మిచెల్ ఇంచుమించు కలిసి పెరిగారనవచ్చు.

పదునారవ ఏట, 1911లో, చదువు చాలించి ఫెంటన్‌లోని కెర్ స్టువర్ట్ అనే రైలింజన్ల కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాడు. మొదట వర్క్‌షాపులో పని. ఒంటినిండా నూనె, మసి. అది ఆయనకు ఎంతమాత్రమూ నచ్చలేదు. తండ్రి పట్టుపట్టి కొనసాగించాడు. తరువాత డ్రాయింగు ఆఫీసుకు మార్చారు. పగలంతా పనిచేసి రాత్రివేళ సాంకేతిక పాఠశాలకు పోయి యంత్రచిత్రలేఖనం, ఉన్నతగణితం, యంత్రశాస్త్రం నేర్చుకున్నాడు. ఇంటిలో స్వయంగా ఒక లేత్ యంత్రాన్ని అమర్చుకున్నాడు. విశ్వవిద్యాలయపు గడప తొక్కకుండానే ప్రపంచంలోని అగ్రశ్రేణి విమానశిల్పులలో ఒకడైనాడు. ఈ మాట చెప్పడంలో పట్టాలను చిన్నచూపు చూడాలన్న ఉద్దేశం మాకు లేదు. రాత్రిబడులను చిన్నచూపు చూడరాదన్నదే మా ఉద్దేశం.

మొదటి ప్రపంచయుద్ధం జరుగుతుండగా 1917లో దక్షిణతీరాన ఉన్న సౌతాంప్టన్ నగరానికి వచ్చి, ఊల్‌స్టన్ పేటలోని సూపర్‌మెరీన్ కంపెనీలో చేరాడు. నీటిమీద దిగి నీటిమీది నుండి లేచే విమానాలను చేసే చిన్న సంస్థ అది. మరుసటి సంవత్సరం ఫ్లోరెన్స్ డేసన్‌ను వివాహమాడాడు. ఆమె పసిపిల్లల పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని. వయస్సులో ఆయన కంటె పదకొండేండ్లు పెద్ద. 1920లో గార్డన్ అనే కుమారుడు కలిగాడు. వృత్తిలో మిచెల్ ఎదుగుదల ఆశ్చర్యం కలిగించేది. 1919లో ప్రధాన రూపశిల్పి, 1920లో చీఫ్ ఇంజనీరు, 1927లో టెక్నికల్ డైరెక్టరు. చీఫ్ ఇంజనీరు పదవి దక్కే నాటికి ఆయన వయస్సు ఇరువదియైదు.

మనిషి స్వభావం గురించి రెండు మాటలు. మాటలో కొంచెం నత్తి ఉండేది. సభలంటే వెనుకాడేవాడు. పనివారిలో సరదాగా కలిసిపోయేవాడే కాని, ఆలోచనలో ఉన్నప్పుడు ఎవరైనా పలకరిస్తే కోపం ముంచుకొచ్చేది. మెడ ఎర్రబడటం మొదలైతే తలుపు దగ్గరనుంచే వెనుదిరగడం మంచిదని ఆఫీసులోని వారందరికీ తెలుసు. డ్రాయింగు బల్లమీద వంగి, తల చేతుల్లో పెట్టుకొని చాలసేపు చూచేవాడు. ఆపైన మెత్తని పెన్సిలుతో గీతమీద గీత గీసి పోయేవాడు. శ్రమపడి గీసినవాడు ఆ కాగితాన్ని మొదటినుండి గీసుకోవలసి వచ్చేది. విమానం గురించి ఎవరైనా అర్థంకాని రీతిలో చిక్కుగా వివరిస్తే అందులో సరుకు లేదని నిశ్చయించుకోవచ్చునని, తనవద్దకు వచ్చిన యువ వైమానికుడు జెఫ్రీ క్విల్‌కు సలహా చెప్పాడట.

ఆ రోజుల్లో స్నైడర్ ట్రోఫీ అనే జలవిమానాల పందెం జరుగుతుండేది. దేశాలకు దేశాలే పట్టుదలతో పాల్గొనేవి. వరుసగా మూడుసార్లు గెలిచిన దేశానికి ఆ ట్రోఫీ శాశ్వతంగా దక్కుతుంది. 1922లో ఇటలీలోని నేపుల్స్‌లో మిచెల్ సవరించి దిద్దిన విమానం గెలిచింది. 1925లో ఎస్-4 అనే కొత్త విమానాన్ని పట్టుకొని అమెరికాలోని బాల్టిమోరుకు పోయారు. చూడడానికి అది ఎంతో సొగసైన యంత్రం. రెక్కలకు ఊతంగా ఒక్క తీగ లేదు, ఒక్క కడ్డీ లేదు. పందేనికి ముందే అది నీటిలో కూలింది. నడిపిన హెన్రీ బియార్డ్ బ్రతికి బయటపడ్డాడు. 1927లో వెనిస్‌లో ఎస్-5 గంటకు 281 మైళ్ల వేగంతోను, 1929లో ఎస్-6 గంటకు 328 మైళ్ల వేగంతోను నెగ్గాయి. మూడవ విజయమే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆర్థికమాంద్యం వచ్చిపడింది. ప్రభుత్వం ధనమివ్వలేమని చేతులెత్తివేసింది. అప్పుడు లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు లక్ష పౌన్లు విరాళమిచ్చింది. 1931 సెప్టెంబరులో ఎస్-6బి గంటకు 340 మైళ్ల వేగంతో ట్రోఫీని శాశ్వతంగా సంపాదించి పెట్టింది. అదే నెలలో ఆ విమానరకమే గంటకు 400 మైళ్ల హద్దును దాటింది. మానవుడు అంత వేగంతో పోవడం అదే మొదటిసారి.

ఈ విజయాలకు వెల కూడా చెల్లించవలసి వచ్చింది. 1928లో కిన్‌కెడ్ అనే వైమానికుడు వేగంలో కొత్త రికార్డు కోసం ఎస్-5 నడుపుతూ నీటిలో కూలి మరణించాడు. 1931లో అభ్యాససమయంలో మరొకడు మరణించాడు. మిచెల్ తన విమానాలు ఎగిరే ప్రతిసారీ తీరాన నిలబడి, అవి క్షేమంగా దిగేవరకు కుదురుగా ఉండలేకపోయేవాడని ఆయనను ఎరిగినవారు చెప్పారు. తాను గీసిన గీతమీద వేరొకని ప్రాణం వ్రేలాడుతున్నదన్న ఎరుక ఆయనను చివరివరకు వదలలేదు.

ఇక ఆ వైఫల్యం సంగతి. 1931 చివర బ్రిటిష్ వైమానిక మంత్రిత్వశాఖ తన సైన్యానికి కొత్త యుద్ధవిమానం కావాలని కంపెనీలను కోరింది. ప్రపంచంలోకెల్ల వేగవంతమైన విమానాన్ని చేసిన మిచెల్‌కు అది లెక్కలోనిది కాదని అందరూ అనుకున్నారు. ఆయన చేసినది టైప్ 224 అనే విమానం. గోరువంక రెక్కల మాదిరి మధ్యలో వంగిన మందపు రెక్కలు. కిందికి వ్రేలాడుతూ ముడుచుకోని చక్రాలు. ఇంజను వేడిని ఆవిరిగా మార్చి రెక్కల అంచులలో చల్లార్చే ఒక చిక్కైన పద్ధతి. 1934 ఫిబ్రవరిలో ఎగిరింది. గంటకు 228 మైళ్లు మాత్రమే పోగలిగింది. 400 మైళ్ల మనిషి చేతినుంచి 228 మైళ్ల విమానం! ఇంజను మాటిమాటికి వేడెక్కేది. ప్రభుత్వం దానిని కాదని, పాతపద్ధతిలో రెండంతస్తుల రెక్కలు గల గ్లాడియేటర్ అనే మరొక కంపెనీ విమానాన్ని స్వీకరించింది.

ఇది జరుగుతున్న సమయంలోనే ఆయన శరీరంలో మరొక పరాజయం మొదలైంది. 1933 ఆగస్టులో పెద్దప్రేగు చివరిభాగంలో క్యాన్సర్ ఉన్నట్లు వైద్యులు కనిపెట్టారు. పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ప్రేగును పొట్టమీదికి తెరచి, మలవిసర్జన కోసం అక్కడ ఒక సంచి అమర్చారు. మిగిలిన జీవితమంతా దానితోనే గడపవలసి వచ్చింది. వ్యాధి తిరిగి రావచ్చునని కూడా వైద్యులు హెచ్చరించారు. ఆయన ఈ విషయాన్ని దాచిపెట్టాడు. తోటిపనివారిలో చాలమందికి తెలియదు. అటువంటి స్థితిలో ఉన్న మనిషి ఇల్లు పట్టుకొని కూర్చున్నా తప్పుపట్టేవారు లేరు. మిచెల్ ఏమి చేశాడు? కోలుకొన్న కొద్దినెలలకే విమానం నడపడం నేర్చుకోవడం మొదలుపెట్టి, 1934 జూలైలో పైలట్ లైసెన్సు సంపాదించాడు.

అంతకంటె కష్టమైన పని ఆఫీసులో చేశాడు. టైప్ 224 ఎగురకముందే దానిలో లోపమున్నదని ఆయనకు తెలిసిపోయింది. తప్పు ఇంజను మీదికి నెట్టవచ్చు, ప్రభుత్వపు నిబంధనల మీదికి నెట్టవచ్చు. రెంటికీ ఆధారాలు లేకపోలేదు. మొదట దానినే సవరించి చూచాడు: రెక్కలు చిన్నవి చేశాడు, చక్రాలు లోనికి ముడుచుకొనేటట్లు మార్చాడు. ఆ చిత్రాలను మంత్రిత్వశాఖ ఒప్పుకోలేదు. అప్పుడు తన రెండుమూడేండ్ల శ్రమను పక్కకు త్రోసి, తెల్లకాగితం ముందు మళ్లీ కూర్చున్నాడు. మేము చదివినంతలో మిచెల్ జీవితంలో ఇదే శిఖరం. తాను చేసినదానిని తానే కాదనుకోవడం ఆరోగ్యవంతులకే కష్టం. ఇక ఎన్నాళ్లు మిగిలి ఉన్నవో తెలియనివాని సంగతి చెప్పనక్కరలేదు.

కొత్త విమానానికి రోల్స్‌రాయిస్ కంపెనీ వారు అప్పుడే తయారుచేస్తున్న శక్తిమంతమైన ఇంజను దొరికింది. తరువాత దానికే మెర్లిన్ అని పేరు వచ్చింది. 1934 డిసెంబరులో ప్రభుత్వం నమూనా నిర్మాణానికి పదివేల పౌన్లు మంజూరు చేసింది. ఇక్కడ రెక్కను గురించి కొంచెం చెప్పాలి. స్పిట్‌ఫైర్ రహస్యం దాని రెక్కలోనే ఉన్నది. వేగం కావాలంటే రెక్క పలుచగా ఉండాలి. కాని అదే రెక్కలో చక్రాలు ముడుచుకోవాలి, ఎనిమిది మెషిన్‌గన్లు ఇమడాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి పడవు. రెక్క మొదలు వెడల్పుగా ఉంచి, చివరకు పోనుపోను మెల్లగా గుండ్రంగా సన్నగిల్లేటట్లు చేస్తే, పలుచదనం చెడకుండానే చోటు దొరుకుతుంది. గాలి ఒరిపిడి కూడా తగ్గుతుంది. అట్లా వచ్చినదే కోడిగుడ్డును పోలిన ఆ దీర్ఘవృత్తపు రెక్క. దీనికి గణితం సమకూర్చినవాడు బెవర్లీ షెన్‌స్టన్ అనే కెనడా దేశస్థుడు. ఎనిమిది తుపాకులు ఉండాలని పట్టుబట్టినది మిచెల్ కాదు, వైమానికశాఖలోని సోర్లీ అనే అధికారి. రెక్క ఏ ఆకారంలో ఉన్నా సరే, తుపాకులు ఇమిడితే చాలునన్న ధోరణి మిచెల్‌ది. మహాశిల్పులందరూ అన్నీ తామే కనిపెట్టినవారు కారు. ఎవరి మాట తీసుకోవాలో, ఎవరిది విడిచిపెట్టాలో తెలిసినవారు.

1936 మార్చి 5వ తేదీన సౌతాంప్టన్ సమీపంలోని ఈస్ట్‌లీ విమానాశ్రయంలో మట్ సమర్స్ అనే వైమానికుడు కె-5054 అనే సంఖ్యగల నమూనాను మొదటిసారి ఎగురవేశాడు. ఎగిరినది కొద్ది నిమిషాలే. దిగి, ఎవరూ దేనినీ ముట్టుకోవద్దని చెప్పాడు. విమానం నిర్దుష్టమని ఆయన తీర్పు చెప్పినట్లు ఆ మాట చరిత్రకెక్కింది. మరునాటి పరీక్షవరకు ఉన్నది ఉన్నట్లు ఉంచమనడమే ఆయన ఉద్దేశం కావచ్చును. ఎందుకంటే వేగం మొదట ఆశించినంత లేదు; మిచెల్ నిరాశ చెందాడు. ప్రొపెల్లరు మార్చిన తరువాత గంటకు 350 మైళ్లకు చేరువైంది. స్పిట్‌ఫైర్ అనే పేరు మాతృసంస్థ అధిపతి మెక్లీన్ తన కుమార్తెను ముద్దుగా పిలుచుకొనే పేరట. అది మిచెల్‌కు బొత్తిగా నచ్చలేదు.

ప్రభుత్వం వైపునుండి పరీక్షించినవాడు ఎడ్వర్డ్స్-జోన్స్. సామాన్యులైన యువకులు ఈ విమానాన్ని నడపగలరా లేదా అన్నది మొదటిసారి దిగగానే టెలిఫోనులో చెప్పమని పైనుంచి ఆజ్ఞ. ఆయన దిగబోతూ చక్రాలు దించడమే మరచిపోయి, చివరిక్షణంలో గుర్తుతెచ్చుకొని దించాడు. ఆ తరువాత టెలిఫోనులో నడపగలరనే చెప్పాడు. చక్రాలు దిగినదీ లేనిదీ తెలిపే సూచిక మాత్రం తప్పనిసరి అని చేర్చాడు. కొద్దిరోజులకే, 1936 జూన్ 3న, 310 విమానాలకు ఆర్డరు వచ్చింది.

మిచెల్‌కు మిగిలినది ఇంక ఒక్క సంవత్సరమే. ఒక పెద్ద బాంబరు విమానానికి రూపకల్పన మొదలుపెట్టాడు. స్పిట్‌ఫైర్ నమూనా ఎగిరే రోజుల్లో కారులో ఈస్ట్‌లీకి వచ్చి, అందులోనే కూర్చొని చూచేవాడు. 1937 మొదట్లో వ్యాధి తిరగబెట్టింది. పని మానవలసి వచ్చింది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని వైద్యుల వద్దకు విమానంలో తీసికొనిపోయారు. ఫలితం లేకపోయింది. ఇంటికి తిరిగివచ్చి 1937 జూన్ 11న కన్నుమూశాడు. కుమారుడికి అప్పటికి పదహారేండ్లు. చితాభస్మాన్ని ఈస్ట్‌లీ దగ్గర సౌత్ స్టోన్‌హామ్ శ్మశానవాటికలో నిక్షేపించారు. ఆయన చూచిన స్పిట్‌ఫైర్ ఒక్కటే, ఆ నమూనా. కర్మాగారంలో వరుసగా తయారైన వాటిలో మొదటిది 1938 మే నెలలో గాని ఎగురలేదు. ఆ నమూనా కూడా, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మరునాడే, 1939 సెప్టెంబరు 4న ప్రమాదానికి గురియై పోయింది.

స్పిట్‌ఫైర్‌ను వేనోళ్ల పొగడేవారు మరచే సంగతి ఒకటున్నది. ఆ సొగసైన రెక్కను తయారుచేయడం మహా కష్టం. ఆర్డరు వచ్చిన రెండేండ్లవరకు ఒక్క విమానమూ సైన్యానికి చేరలేదు, ప్రభుత్వం విసిగిపోయింది. 1940 వేసవిలో జర్మనీ విమానాలు బ్రిటన్ మీద విరుచుకుపడినప్పుడు, సంఖ్యలో ఎక్కువగా ఉండి ఎక్కువ శత్రువిమానాలను కూల్చినది సులభంగా తయారయ్యే హరికేన్ విమానమే. అయితే జర్మనీవారి మెసర్‌ష్మిట్-109 విమానాలను ఎత్తులో, వేగంలో సరిసమానంగా ఎదుర్కొనగలిగినది స్పిట్‌ఫైర్. మిచెల్ స్థానంలోకి వచ్చిన జోసెఫ్ స్మిత్ యుద్ధం పొడుగునా దానిని మెరుగుపరుస్తూ పోయాడు. ఇరువదివేలకు పైగా స్పిట్‌ఫైర్‌లు తయారైనవి. 1940 సెప్టెంబరులో ఊల్‌స్టన్ కర్మాగారాన్ని జర్మన్లు బాంబులతో ధ్వంసం చేశారు. మిచెల్ చివరగా తలపెట్టిన బాంబరు నమూనాలు అక్కడే నాశనమైనవి. ఆ తరువాత చుట్టుపట్ల ఊళ్లలోని మోటారు షెడ్లలో, చాకిరేవు కంపెనీలలో, బస్సు డిపోలలో విడిభాగాలు చేయించి నిర్మాణం సాగించారు.

ఈ కథలో మన హైదరాబాదుకు కూడా చోటున్నది. 1940లో సౌతాంప్టన్‌కు పడమట, వార్మ్‌వెల్ విమానస్థావరం నుండి స్పిట్‌ఫైర్‌లతో ఆ తీరాన్ని కాపాడిన దళం పేరు 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాం నవాబు ఇచ్చిన ద్రవ్యం వల్ల ఆ పేరు వచ్చింది. నిజాం ధరించే దస్తారు ఆ దళపు చిహ్నం. హైదరాబాద్ పేరుగల మరొక దళం, 253వది, హరికేన్‌లు నడిపింది. 152వ దళం తరువాత ఆఫ్రికా, ఇటలీల మీదుగా తూర్పుకు వచ్చి బర్మాలో జపాన్ సైన్యంతో పోరాడింది. ఈ దానాన్ని తలచుకొని గర్వించేవారున్నారు. గర్వించవచ్చు. కాని నవాబుగారి ఖజానా నిండినది తెలంగాణా రైతు చెల్లించిన శిస్తుతోనే కదా! మిచెల్ పేరు కూడా వినని ఆ రైతు చెమటలో కొంత ఇంగ్లండు ఆకాశంలో ఎగిరింది. భారత వైమానికదళం కూడా 1944లో స్పిట్‌ఫైర్‌లను అందుకొన్నది. మన నిజాం కళాశాలలో చదివిన ఇద్రిస్ హసన్ లతీఫ్ ఆ యుద్ధకాలంలో ఇంగ్లండు పోయి స్పిట్‌ఫైర్ మీద శిక్షణ పొందినవాడు. ఆయనే 1978లో భారత వైమానికదళాధిపతి అయినాడు.

1942లో లెస్లీ హోవర్డ్ అనే నటుడు మిచెల్ జీవితాన్ని సినిమాగా తీసి తానే ఆ పాత్ర ధరించాడు. అందులో మిచెల్ జర్మనీ వెళ్లి, అక్కడి వైమానికుల ప్రగల్భాలు విని స్పిట్‌ఫైర్ చేయ సంకల్పించినట్లు చూపారు. అది కల్పన అని కుమారుడు గార్డన్ తరువాత తండ్రి జీవితచరిత్ర వ్రాస్తూ స్పష్టం చేశాడు. సినిమాలోని మిచెల్ మృదువుగా మాట్లాడే స్వాప్నికుడు. పింగాణీ కొలిమి ఊళ్లలో పుట్టి, కోపం వస్తే మెడ ఎర్రబడే మిచెల్ మాకు అంతకంటె ఎక్కువ ఇష్టుడు.

ఆయన చేసిన ఇరువదికి పైగా విమానాలలో ఇంకొక దానిని తప్పక చెప్పుకోవాలి. ఆయనకు శస్త్రచికిత్స జరిగిన 1933లోనే, అంతకు రెండునెలల ముందు, మొదటిసారి ఎగిరిన వాల్రస్ అది. రెండంతస్తుల రెక్కలతో, పడవవంటి కడుపుతో, ఎంతో నిదానంగా పోయే మోటు విమానం. స్పిట్‌ఫైర్ పక్కన నిలబెడితే ఒకే చేతి పని అని ఎవరూ నమ్మరు. ఏడువందలకు పైగా నిర్మించారు. యుద్ధకాలంలో విమానం కూలి, ఇంగ్లీషు చానెల్ చల్లని నీళ్లలో తేలుతున్న వైమానికుల పక్కన దిగి, వారిని లోనికి లాగుకొని ఒడ్డుకు చేర్చేది ఈ వాల్రస్. అలా ప్రాణాలతో బయటపడినవారిలో స్పిట్‌ఫైర్ నడిపినవారున్నారు, స్పిట్‌ఫైర్ కూల్చిన జర్మన్లూ ఉన్నారు.